నలభై అడుగుల దారం

పోయిన వారం మిషనమ్మను మనం ఒక పరాయి ఇంటి నాలుగో అంతస్తు వెనక గదిలో, కిటికీ గట్టు పట్టుకుని నిలబడి ఉండగా వదిలేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఎదురుగా నలభై అడుగుల దూరంలో వెనక బ్లాకు. మధ్యలో పెరడు. పొద్దున పదిన్నర దాకా మెట్లుగా నిలబడిన సిమెంటూ ఇటుకలూ ఇప్పుడు ఆ పెరట్లో గుట్టగా పడి ఉన్నాయి. ఆ బ్లాకు నాలుగో అంతస్తులో, ఇనుప చువ్వల కిటికీకి అవతల, ఆవిడ ఒక్కగానొక్క కూతురు చిక్కుకుపోయి ఉంది.

కూతురు ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్సు. పక్షవాతంతో మంచాన పడ్డ ఒక పెద్దాయనకు కట్టు మార్చడానికి పైకి వెళ్లింది. ఆమె వెళ్లిన అరగంటకు మెట్లు కూలాయి. దెబ్బలు ఎవరికీ తగల్లేదు, అందరూ అమ్మయ్య అనుకున్నారు. కానీ ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. లేచిన దుమ్మంతా గదిలో నిండింది. బ్యాగులో ఉన్న పీల్చే మందు రెండుసార్లు నొక్కేసరికి అయిపోయింది. నాలుగు గంటలుగా ఆమె ఊపిరి కోసం పోట్లాడుతోంది. కొత్త మందు డబ్బా ఇటువైపు, అల్లుడి బ్యాగులో, సీలు కూడా విప్పకుండా ఉంది.

నిచ్చెన బండి సందు మొదట్లోనే ఇరుక్కుంది. చేతి నిచ్చెన రెండో అంతస్తు దాటలేదు. పైకప్పు నెర్రెలిచ్చింది కాబట్టి అటు నుంచి మనిషిని దింపడానికి వీల్లేదన్నారు. క్రేను వస్తోందన్నారు. పన్నెండుకీ వస్తోంది, ఒంటిగంటకీ వస్తోంది, ఇప్పుడు రెండున్నర, ఇంకా వస్తూనే ఉంది. ఫైర్ వాళ్లలో ఒకతను బంతికి తాడు కట్టి విసిరితే అది చువ్వల్లోంచి దూరకుండా గోడకు తగిలి, పై నుంచి తలుపంత పెచ్చు ఊడి కిందపడింది. ఆఫీసరు మొహం పాలిపోయింది. ఇక ఆ గోడకు గట్టి వస్తువేదీ తగలడానికి వీల్లేదని అందరి ముందూ గట్టిగా చెప్పేశాడు. గుడ్డ ఉండలు విసిరి చూశారు. అవి సగం దూరం కూడా పోలేదు.

అప్పుడు అల్లుడు నోరు విప్పాడు. "గట్టిది కాకపోతే పరవాలేదా సార్? స్పాంజి అయితే?"

ఈ అల్లుడి గురించి కొత్తగా చదివేవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. బీమా ఆఫీసులో గుమాస్తా, ముప్పై నాలుగేళ్లవాడు. సంపాదనకు లోటు లేదు, చెడు అలవాటు ఒక్కటీ లేదు. కానీ ఆదివారం వస్తే తన ఈడు మగాళ్లు పదిమందితో కలిసి ఒక ఖాళీ గోడౌనులో, స్పాంజి తూటాలు పేల్చే బొమ్మ తుపాకులతో యుద్ధం చేస్తాడు. కొన్న తుపాకీని కొన్నట్టు ఉంచడు. విప్పుతాడు, గాలిని అడ్డుకునే ప్లాస్టిక్ ముక్క పీకేస్తాడు, స్ప్రింగు మారుస్తాడు, గొట్టం మారుస్తాడు, తూటా ఎన్ని అడుగులు పోయిందో వసారాలో టేపుతో కొలుచుకుని మురిసిపోతాడు. కుట్టుమిషన్లు బాగుచేసి ఒంటిచేత్తో కూతుర్ని పెంచిన మిషనమ్మకు ఇది కడుపుమంట. ఆరేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నా, అతన్ని ఆవిడ మనసులో పిలుచుకునే పేరు సేనాపతి.

ఆ సేనాపతి ఇప్పుడు ఇంటికి పరుగెత్తి, తన తుపాకుల్లోకెల్లా పెద్దదాన్ని తెచ్చుకుని, కిటికీలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. తూటా తోకకు దారం కట్టింది మిషనమ్మ. దారాన్ని ఉండలోంచి నేరుగా వదిలితే ఆ ఉండ బరువే తూటాను వెనక్కి లాగుతుందని ఆవిడకు తెలుసు. అందుకే అన్నిటికన్నా సన్నటి దారం ఏరి, ప్లాస్టిక్ టబ్బులో పొర మీద పొర, ఎక్కడా మెలిక పడకుండా వదులుగా పరిచింది. ఆ చేతులు ఇరవై ఏడేళ్లుగా దారాలతోనే బతికాయి.

గట్టు మీద ఫోను స్పీకరులో పెట్టి ఉంది. అందులోంచి మాటలు రావడం లేదు. ఈలవేసినట్టు ఒక ఊపిరి లోపలికీ, ఇంకొకటి బయటికీ, అంతే.

"పేలుస్తున్నా," అన్నాడు అల్లుడు.

టప్పుమంది. పసుపు రంగు తూటా దారాన్ని వెంటేసుకుని పెరట్లోకి దూకింది. మిషనమ్మ కళ్లు దాన్ని వదల్లేదు. పదిహేను అడుగులు, ఇరవై, ఇరవై అయిదు. అక్కడ తూటా తల వంచింది. ముక్కు కిందికి పెట్టి, నేరుగా వెళ్లి ఇటుకల గుట్ట మీద పడింది.

అల్లుడు దారం వెనక్కి చుట్టి మళ్లీ పేల్చాడు. మళ్లీ ఇరవై అయిదు. మూడోసారి తుపాకీ మూతి పైకెత్తి పేల్చాడు. తూటా పైకి లేచింది గానీ అక్కడే ఆగి వాలిపోయింది.

"ఇదేంటి?" అన్నాడు తనలో తను. "ఇది నూరడుగులు కొట్టాలి. దారంతో అయినా యాభై దాటాలి. ఆదివారం కూడా ఇంతే, తుస్సుమంది. ఏమైంది దీనికి?"

మిషనమ్మ టబ్బులో దారం సర్దుతున్నట్టు తల వంచుకుంది. ఏమైందో ఈ భూమ్మీద తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. కనీసం అప్పటికి ఆవిడ అలాగే అనుకుంది.

"అమ్మా," అంది ఫోను. "పడిందా?"

"పడుతుందమ్మా. మాట్లాడకు. ఊపిరి దాచుకో."

"ఏమైందటమ్మా?" అని ఫోనులో వెనక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. మాటలు సగం నోట్లోనే నలుగుతున్నాయి. ఒక పక్కంతా చచ్చుబడ్డా గొణుగుడు మాత్రం తగ్గని మనిషి. "పొద్దుట్నించీ విసురుతూనే ఉన్నారు. ఒక్కడికీ గురి లేదు."

మామూలు రోజయితే అల్లుడు నవ్వేవాడు. ఇప్పుడు తుపాకీని నేల మీద బోర్లించి, మిషనమ్మ పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవరు లాక్కున్నాడు. మర మీద మర విప్పుతున్నాడు. ఒకటి చేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లింది, వెతకలేదు.

"బాబూ, అది విప్పుతూ కూర్చుంటే టైమైపోతుంది," అంది మిషనమ్మ. "ఇంకాస్త సన్న దారం కడతాను. మళ్లీ కొట్టు."

"దారం తప్పు కాదత్తయ్యా. లోపల బలం లేదు."

"రబ్బరు రింగు ఎండిపోయిందేమో. మిషను నూనె వేసి చూడు."

"మిషను నూనె వేస్తే రబ్బరు ఉబ్బి బిగుసుకుపోతుంది. మీకు తెలీదా ఏంటి?" అని ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. "దారానికి రాస్తారే, ఆ సిలికాన్ నూనె ఉందా?"

ఉంది. తీసి ఇచ్చింది. ఆ మాత్రం సాయం చేస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. నూనెతో బాగయ్యేది కాదని ఆవిడకు తెలుసు. చెప్పాలి. నోరు తెరిస్తే అయిపోతుంది. కానీ ఆ ఒక్క మాట వెనక ఆదివారం రాత్రి ఇంట్లో జరిగిన గొడవంతా ఉంది. ఆ గొడవలో తను నోరు మూసుకుని కూర్చున్న గంటసేపూ ఉంది.

తుపాకీ పైచిప్ప ఊడి వచ్చింది. అల్లుడు గొట్టంలోంచి స్ప్రింగు బయటికి లాగాడు. వేళ్ల మధ్య నొక్కాడు. అది సుతారంగా, అడిగినంత అణిగింది. అతను మరోసారి నొక్కాడు. తర్వాత కొనను కిటికీ వెలుగుకు పెట్టి చూశాడు.

చాలాసేపు చూశాడు.

స్ప్రింగును కత్తిరించి వదిలేస్తే ఆ కొన పక్కనున్న వస్తువును గీరుతుంది. చాలామంది అలాగే వదిలేస్తారు. మిషనమ్మ వదలదు. కోసిన కొనను వేడిచేసి, లోపలికి వంచి, చదునుగా రాసి, వేలు పెడితే గుచ్చుకోకుండా చేస్తుంది. అది ఆవిడ పని గొప్ప. కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ తీసి చూపిస్తుంది, పెళ్లయిన కొత్తలో అల్లుడికీ చూపించింది. ఇప్పుడు అదే కొన, అంత అందంగానూ వంగి, అతని చేతిలో ఉంది.

"ఇది నేను వేసిన స్ప్రింగు కాదు," అన్నాడు నెమ్మదిగా. "ఇది మీ చేతి పని."

మిషనమ్మ దారం వదిలి లేచి నిలబడింది.

"అత్తయ్యా, నా స్ప్రింగు ఏది?"

"శుక్రవారం," అంది ఆవిడ. "తోలు సంచులు కుట్టే వర్క్‌షాపు వాళ్ల పెద్ద మిషను వచ్చింది. శనివారం పొద్దున్నకల్లా కావాలన్నారు. ఆ సైజు స్ప్రింగు నా దగ్గర లేదు, కొట్లోనూ దొరకలేదు. నీ దాంట్లోది సరిగ్గా సరిపోయింది. బొమ్మే కదా అనుకున్నా. పాత కుర్చీలోది ఒకటి కోసి నీ దాంట్లో పెట్టేశా. వాళ్లకి కొత్తది రాగానే నీది నీకు తెచ్చి పెట్టేద్దామనుకున్నా. ఎవరికీ తెలీకుండా."

"బొమ్మే కదా," అన్నాడు అల్లుడు.

అరిచి ఉంటే బాగుండేది. ఆవిడ అరుపులకు సిద్ధపడే ఉంది. మాటకు మాట అప్పజెప్పడం ఆవిడకు కొత్త కాదు. కానీ అతను అరవలేదు. తెల్లబోయి, చేతిలో స్ప్రింగు పట్టుకుని, నేల మీద అలాగే కూలబడ్డాడు.

"ఆదివారం ఇంటికొచ్చి ఎవరు ముట్టుకున్నారని అడిగా. మీరు పక్క గదిలోనే ఉన్నారు. తనొచ్చి, నేనే తుడుస్తుంటే కింద పడేశానని చెప్పింది. ఎన్ని మాటలన్నానో తెలుసా? అవన్నీ మీరు విన్నారు. విని కూడా..." అతను ఆగాడు. బ్యాగులోంచి మందు డబ్బా తీశాడు. "ఇది ఆదివారం పొద్దున్నే కొన్నా. తనే వచ్చి అడుగుతుందిలే, అప్పుడిద్దాం అని బ్యాగులోనే ఉంచుకున్నా. మూడు రోజుల్నించి మాట్లాడుకోవట్లేదు మేం. మాట్లాడుకుని ఉంటే ఇది ఇప్పుడు తన దగ్గరుండేది అత్తయ్యా. తన దగ్గరే ఉండేది."

మిషనమ్మ గోడ పట్టుకుంది. ఒక స్ప్రింగు, ఒక అబద్ధం కూడా కాని మౌనం, మూడు రోజుల మూతిముడుపులు, ఇప్పుడు ఈ నలభై అడుగులు. ఒకదాని వెనక ఒకటి కట్టుకుంటూ వచ్చినది తనే. కన్నకూతురి ఊపిరికి తనే అడ్డం పడింది. చెంపలు వాయించుకోవాలనిపించింది, గొంతెత్తి ఏడవాలనిపించింది. రెంటికీ సమయం లేదు.

"నాకు... తెలుసమ్మా."

ఫోను. ఇద్దరూ దాన్ని మరిచిపోయారు.

"నువ్వు తియ్యడం... చూశా. గుమ్మంలోంచి."

"చూసి కూడా నీ మీదెందుకేసుకున్నావే పిచ్చిదానా!" అని మిషనమ్మ ఫోను మీద పడిపోయింది.

ఒక ఊపిరి. ఇంకో ఊపిరి. రెండింటి మధ్యా చాలా ఎడం వచ్చింది.

"మీ ఇద్దరికీ... పడదు కదా. నాకైతే... రెండ్రోజులు తిట్టి... ఊరుకుంటాడు. నిన్నంటే... నువ్వు ఊరుకోవు."

అల్లుడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. మిషనమ్మ ఆరేళ్లలో అతన్ని అలా చూడలేదు. జాలిపడే తీరిక కూడా లేక, జబ్బ పట్టి గుంజింది.

"అల్లుడుగారూ! లేవండి. ఏడవడానికి తర్వాత బోలెడంత టైముంది. నన్ను ఇంట్లోంచి గెంటేస్తారో, వీధిలో పెట్టి తిడతారో, అదీ తర్వాతే. ముందు దీని సంగతి చూడండి."

కోపం వస్తే ఆవిడ అల్లుణ్ని మీరు అంటుంది. అతనికి అది అలవాటే. తల ఎత్తాడు.

"చూడ్డానికేముంది? నా స్ప్రింగు వర్క్‌షాపులో ఉంది. పోయి రావడానికి గంట. తను గంట ఉంటుందా అత్తయ్యా? ఆ ఊపిరి వింటున్నారుగా?"

మిషనమ్మ పనిముట్ల పెట్టె అడుగున చెయ్యి పెట్టింది. కాగితంలో చుట్టిన పొట్లం తీసి విప్పింది. నూనె మరకలతో, నల్లగా మెరుస్తూ, కొత్త స్ప్రింగు.

"ఇది పొద్దున్నే వచ్చింది. వాళ్ల మిషనుకి వేసి నీది తెచ్చేద్దామని బయల్దేరా. దార్లో ఉండగానే ఫోనొచ్చింది."

అతను లాక్కున్నాడు. నొక్కి చూశాడు. రెండు బొటనవేళ్లూ పెట్టి నొక్కినా అది సగం కూడా అణగలేదు. కళ్లలోకి ఎక్కడి నుంచో ప్రాణం వచ్చింది.

"నా దాని కన్నా గట్టిది. ఇలాగే పెట్టేద్దాం."

"పెట్టొద్దు. పొడుగెక్కువ. నీ దాన్ని మిషనులో పెట్టినప్పుడు కొలిచాను కదా. ఇది దానికన్నా మూడు చుట్లు ఎక్కువ. లాగినప్పుడు చుట్టుకి చుట్టు ఆనుకుని మొద్దులా అయిపోతుంది. మీట లాగినా లోపల స్ప్రింగుని పట్టే కొక్కేనికి అందదు."

"కోస్తే బలం పోదూ?"

"కోస్తే పోదు, స్ప్రింగు ఇంకా గట్టిపడుతుంది. కానీ మరీ పొట్టిగా కోస్తే గొట్టంలో వదులుగా కూర్చుని మొదటి తోపు పోతుంది." ఆవిడ ఇప్పుడు మాట్లాడుతున్నది తన కొట్లో మాట్లాడే గొంతుతో. "రెండు చుట్లు తీస్తాను."

"రెండు తీస్తే ఇంకా పొడుగే. కొక్కెం ప్లాస్టిక్‌ది. ఇంత గట్టి స్ప్రింగుని పట్టుకోలేదు, విరుగుతుంది. మూడు తియ్యండి."

"మూడు తీస్తే దారాన్ని లాక్కెళ్లలేదు."

"రెండు తీస్తే పేలకముందే విరుగుతుంది!"

ఇద్దరూ ఒకరి మొహంలోకి ఒకరు చూసుకున్నారు. స్ప్రింగు సంగతి ఆవిడకు తెలుసు, తుపాకీ సంగతి అతనికి తెలుసు. ఒకరి మాట ఒకరు వినడం మాత్రం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

"రెండున్నర," అంది మిషనమ్మ.

అతను తలూపాడు.

పట్టకారుతో రెండున్నర చుట్లు లెక్కపెట్టి కోసింది. ఈసారి కొన వంచలేదు, రాయలేదు. పచ్చిగా, పదునుగా ఉన్నదాన్ని అలాగే ఇచ్చేసింది. అల్లుడు రబ్బరు రింగు కింద కుళాయిలకు చుట్టే తెల్ల టేపు రెండు వరసలు చుట్టి, సిలికాన్ నూనె రాసి, గొట్టంలో పెట్టి వేలితో మూతి మూసి నొక్కాడు. గాలి ఎక్కడా జారలేదు. స్ప్రింగు దించి పైచిప్ప మూశాడు. దొరికినన్ని మరలే బిగించాడు. మీట లాగడానికి ఒక్కడి బలం చాలలేదు. మిషనమ్మ తుపాకీని పొట్టకు ఆనించి పట్టుకుంటే, అతను కాలు గోడకు తన్నిపెట్టి గుంజాడు. లోపల ప్లాస్టిక్ కిర్రుమంది. తర్వాత క్లిక్కుమంది. పట్టుకుంది.

"కొక్కెం పగుళ్లిచ్చింది, తెలుస్తోంది," అన్నాడు గొంతు తగ్గించి. గట్టిగా మాట్లాడితే విరుగుతుందన్నంత భయం అతనికి. "రెండో దెబ్బ ఉండదత్తయ్యా. ఇదొక్కటే."

"కిటికీకి దగ్గరగా రామ్మా," అంది మిషనమ్మ ఫోనులోకి. "తూటా లోపల పడగానే దారం పట్టుకుని లాగు. వినిపిస్తోందా?"

ఎదుటి కిటికీలో చువ్వల వెనక ఒక చెయ్యి లేచింది. చువ్వను పట్టుకుంది.

అల్లుడు ఊపిరి బిగపట్టాడు. గాలి వీచింది, ఆగాడు. గాలి పడిపోయింది.

ఈసారి చప్పుడు టప్పున రాలేదు, ఫట్టున వచ్చింది. తుపాకీ వెనక చిప్ప పగిలి ముక్క అతని చెంపను గీరుకుంటూ పోయింది. టబ్బులో దారం బుసలు కొడుతూ లేచింది. మిషనమ్మకు తూటా కనపడలేదు. దారం మాత్రం కనపడింది. పెరటి మీదుగా గీత గీసినట్టు సాగి, ఇరవై అయిదు దాటి, ముప్పై దాటి, నేరుగా పోయి మూడో చువ్వకీ నాలుగో చువ్వకీ మధ్య నల్లటి సందులో మాయమైంది.

కింద నుంచి ఫైర్ వాళ్లు కేక పెట్టారు. మిషనమ్మ ఆ కేక వినలేదు. టబ్బులో మిగిలిన దారాన్నే చూస్తోంది. అది కదిలింది. ఒక మూర, ఇంకో మూర. కూతురు లాగుతోంది.

చకచకా పని జరిగింది. మందు డబ్బాను మిషనమ్మ చిన్న గుడ్డ సంచిలో పెట్టి, దారం చివరన ముడేసింది. సంచి ఊగి గోడకు కొట్టుకోకుండా వెనక నుంచి ఇంకో దారం కట్టి, దాన్ని తన వేళ్లకు చుట్టుకుంది. సంచి కిటికీ దాటింది. పెరటి మీద, ఎవరి చేతికీ అందని చోట, చిన్న పిట్టంత సంచి ముందుకు పాకడం మొదలుపెట్టింది. అయిదడుగులు. పది. అల్లుడు పక్కన నిలబడి చెంప మీది రక్తం కూడా తుడుచుకోకుండా లెక్కపెడుతున్నాడు. పదిహేను. పద్దెనిమిది.

ఆగింది.

ఎదుటి కిటికీలో చువ్వను పట్టుకున్న చెయ్యి లేదు.

"అమ్మా," అని పిలిచింది మిషనమ్మ. "అమ్మలూ! లాగు తల్లీ, ఇంకాస్త!"

ఫోనులో ఏదో బరువైనది నేలకు జారిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఈల ఊపిరి వినపడలేదు. అల్లుడు భార్యను ముద్దుపేరు పెట్టి పిలిచాడు. ఎప్పుడూ నలుగురిలో పిలవని పేరు అది. మళ్లీ పిలిచాడు. పిలుస్తూ కిటికీ గట్టు మీదికి ఒక కాలు వేస్తే, మిషనమ్మ అతని చొక్కా వెనక నుంచి ఒక చేత్తో పట్టుకుంది. రెండో చేతి వేళ్లకు దారం ఉంది. సంచి పెరటి నడిమధ్య, నాలుగంతస్తుల ఎత్తున, వేలాడుతోంది.

వేలాడుతోంది. పడిపోలేదు.

ఆ సంగతి ఆవిడ వేళ్లకు ముందు తెలిసింది, బుర్రకు తర్వాత తెలిసింది. అటు దారం వదిలేస్తే సంచి ఈపాటికి జారి ఇటుకల మీద పడాలి. పడలేదంటే అటు కొనను ఎవరో పట్టుకునే ఉన్నారు.

"కదలకు బాబూ," అంది. "కదలకు. ఇటు చూడు."

దారం చిన్నగా అదిరింది. సంచి జానెడు ముందుకు పోయింది. ఆగింది. చాలాసేపటికి మళ్లీ జానెడు. కూతురు లాగినట్టు లేదు అది. బలం లేని చెయ్యి ఎవరిదో లాగడం, ఆగడం, జారకుండా దేనికో చుట్టుకోవడం, మళ్లీ లాగడం. మిషనమ్మ ఆ చేతికి తగ్గట్టు తన దారాన్ని వదులుతూ వచ్చింది. గుంజితే జారిపోతుంది, ఎక్కువ వదిలితే సంచి కిందికి వాలి గోడకు తగులుతుంది. చెమట కళ్లలోకి కారుతోంది. అల్లుడు ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ చెయ్యి తనకు ఆసరా ఇస్తోందో, తననే ఆసరా చేసుకుందో ఆవిడకు తెలియలేదు.

ముప్పై అడుగులు. ముప్పై అయిదు. సంచి చువ్వలకు ఆనింది. మూలగా తిరిగి ఇరుక్కుంది. దారం అటు నుంచి ఒకసారి గుంజింది, రెండుసార్లు గుంజింది. సంచి పక్కకు తిరిగి లోపలికి జారిపోయింది.

అప్పుడు గట్టు మీది ఫోనులో బరబరమని చప్పుడైంది. ఎవరో దాన్ని మంచం మీద ఈడ్చుకుంటున్నారు. రొప్పుతూ, సగం నలిగిన మాటలతో, పెద్దాయన గొంతు వినిపించింది. పొద్దుట్నించీ గొణిగిన గొంతు కాదు. భయపడిపోయిన ముసలివాడి గొంతు.

"అమ్మాయి కిటికీ పక్కన నా మంచానికానుకుని పడిపోయింది. కళ్లు తెరవట్లేదు. ఊపిరి ఉంది, కొంచెమే ఉంది. మందు నా చేతిలో ఉంది. నాకు ఒక్క చెయ్యే పనిచేస్తుంది." ఆయన గుటక వేశాడు. "త్వరగా చెప్పండి. దీన్ని ఎలా నొక్కాలి?"